పదకొండు నిమిషాలు

సోహార్ సముద్రం పక్క మైదానంలో పెళ్లి షామియానా.
రాత్రి తొమ్మిదైనా ఇనుప స్తంభాలు
ఇంకా కాలుతూనే ఉన్నాయి.
మిక్సర్ బల్ల కింద, ఇసుక తగలకుండా
చెక్కముక్క మీద నేను కూర్చోబెట్టిన నల్లపెట్టె,
యూపీఎస్.
పద్దెనిమిది కిలోలు.
మస్కట్‌లో ఏదో బ్యాంకు పారేస్తే
రువీ సందులో పాతసామాన్ల కొట్లో దొరికింది.
బేరమాడితే పన్నెండు రియాళ్లు,
లోపలికి కొత్త బ్యాటరీలు ఇంకో పదిహేడు.
నా జేబులోవే.

జనరేటర్ దగ్గర గుల్ జమాన్ నవ్వుతాడు,
"ఎవరి పిల్లనెత్తుకొచ్చావ్ భాయ్?"

నిరుడు ఎండలు ముదిరినప్పటి సంగతి అతనికి తెలియదు.
కూలర్లన్నీ ఒక్కసారి మొదలైనప్పుడు
కరెంటు కన్నార్పింది. అంతే.
బల్బులు కూడా పూర్తిగా ఆరలేదు.
పాత మిక్సర్ అయితే ఒక తుమ్ము తుమ్మి ఊరుకునేది.
ఈ డిజిటల్‌ది అట్ల కాదు,
కునుకు పట్టిందంటే తన పేరు తనే మర్చిపోతుంది.
నల్లటి తెర, తర్వాత కంపెనీ బొమ్మ,
తర్వాత ఒక సన్నటి గీత కుడివైపుకు పాకుతూ పాకుతూ
తొంభై ఆరు సెకన్లు.
లెక్కపెట్టింది నేను కాదు, మేనేజర్ ఫోను.
ఆరువందల తలలు వెనక్కి తిరిగి
నా మొహంలో పాట వెతికాయి.
మూడు రోజుల జీతం కోత.

అప్పటినుంచి నేర్చుకున్నాను.
మిక్సర్ దీనికి తగిలించాలి. స్టేజీ మీది పెట్టె కూడా.
గాలిలో గొంతులు పట్టే రిసీవర్లు కూడా.
ఆంప్లిఫయర్లు మాత్రం వద్దు,
ఏనుగులకు బిందెడు నీళ్లు చూపించకూడదు.
అట్లయితే పదకొండు నిమిషాలు.
ఎండకు వదిలేస్తే అందులో సగం.
మనకులాగే బ్యాటరీకి కూడా
ఇక్కడి ఒక్కో వేసవికి రెండేళ్లు పోతాయి.

పదింబావుకు
డీజిల్ గొంతులో గాలిబుడగ అడ్డం పడింది.
జనరేటర్ దగ్గి, దగ్గి, ఆగింది.
షామియానా అంతా ఒకే చీకటి.
అందులో నా బల్ల మీద మాత్రం
నలభై చిన్న దీపాలు, ఒక్కటీ బెదరలేదు.
కింద పెట్టె కూత. కీక్.
ఐదు సెకన్లు.
కీక్.
ముందు మ్యూట్ నొక్కాను,
స్పీకర్లు ఉలిక్కిపడి లేస్తే పసిపిల్లలు జడుసుకుంటారు.

ఒక మాట మేనేజర్‌కు చెప్పలేదు:
ఈ పెట్టె పాటను కాపాడదు.
పాట ఎక్కడ ఆగిందో
ఆ చోటును కాపాడుతుంది.

డోలు ముసలాయన సల్మీన్ అయితే ఆగనేలేదు.
మైకు పోయిందని చేతులకెవరు చెప్తారు?
డోలు, కీక్, డోలు డోలు, కీక్.
ఎవరో పకాలున నవ్వారు.
ఆడవాళ్ల గుడారం నుంచి నాలుకలాడించే కేకలు లేచాయి.
గుల్ జమాన్ టార్చి పళ్ల మధ్య కరుచుకుని
పైపు బిగిస్తున్నాడు, నోరు ఖాళీ లేక
ముక్కుతో తిడుతున్నాడు.
నాలుగు గీతలు. మూడు.
రెండో గీత వణుకుతుండగా జనరేటర్ అందుకుంది.

నిద్రపోయేవాడి మీదికి దుప్పటి లాగినంత మెల్లగా
ఫేడర్ పైకి జరిపాను.
సల్మీన్ చేతులు సముద్రం దాకా వినపడ్డాయి.
వెనక్కి ఎవరూ తిరగలేదు.
ఆరువందల మెడల్లో ఒక్కటీ తిరగలేదు.
ఇంకేం కావాలి.

తెల్లవారుజాము మూడున్నర, ఫలజ్ దగ్గర క్యాంపు గది.
గోడకు ఒకటే బోర్డు, దానికి వేలాడుతూ ఎనిమిది ఫోన్లు.
పెట్టె దింపి, ఖాళీ ఉందేమోనని తడుముతుంటే
పై మంచం మీంచి లస్మయ్య దిగాడు.
ఆరింటికే వెల్డింగ్ డ్యూటీ అతనికి.
తన ఫోను తానే పీకి చూసుకున్నాడు, తొమ్మిది శాతం.
"పెట్టు. దీనికీ ఆకలైతది గద."

ఆకుపచ్చ దీపం వెలిగింది.
లోపల ఫ్యాను సన్నగా తిరగడం మొదలుపెట్టింది.
మంచం అంచున ఇద్దరం
అది కరెంటు తాగే చప్పుడు
కాసేపు విన్నాం.